గొంతు మీద కత్తి ఉండగా

అయినా ఈ ఆసుపత్రి నీళ్ళకి నురుగెక్కడ నిలుస్తుంది, కుంచె ఎంత తిప్పినా మీగడలా కట్టాల్సింది సబ్బునీళ్ళలా జారిపోతోంది, ఇంకాస్త వేడినీళ్ళు కావాలని అడిగితే ఆ నర్సమ్మ ఇది సెలూన్ కాదు బాబాయ్ అంటుంది, అని కూడా తెచ్చిపెడుతుంది, మంచి పిల్లే, అనుకుంటూ అల్లుడు గిన్నెలో కుంచె గిరగిరా తిప్పుతున్నాడు, యాభై ఎనిమిదేళ్ళు వచ్చి తల సగం నెరిసినా వీధి మొత్తానికీ అతను అల్లుడే, పెద్దాయన సెలూన్లో పనికి కుదిరి పెద్దాయన కూతుర్నే చేసుకున్న రోజున ఆ పేరు అతుక్కుపోయింది, మరి ఊడలేదు, ఇప్పుడా పెద్దాయన మంచం మీద దిండ్లకు ఆనుకుని, మెడ చుట్టూ ఆసుపత్రి తువ్వాలు చుట్టించుకుని, కళ్ళు మూసి చెంప అప్పగించి కూర్చున్నాడు, ముక్కులో ఒక గొట్టం, చేతికి ఒకటి, దుప్పటి కింద నుంచి ఇంకొకటి, ఎనభై ఒకటో ఏడు, పేగులో గడ్డ, గంటలో ఆపరేషన్ గదిలోకి తీసుకుపోతారు, గడ్డంతో లోపలికి పోనంటే పోనని పట్టు పట్టాడు కాబట్టి ఈ కుంచె, ఈ గిన్నె, ఈ మడతకత్తి, పోతే అల్లుడి చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం ఒకటుంది, దాని మీద పెద్దాయన వంకర సంతకం పొద్దున్నే పడింది, దాని కింద దగ్గర బంధువు సంతకం అని రాసిన చోట ఖాళీ, ఊపిరి తీసినప్పుడల్లా ఆ కాగితం గరగరమంటోంది, అది కూడా గడ్డం మాసినట్టే.

ఎవరి ఆపరేషన్‌కి ఎవరి సంతకం, నిన్న డాక్టరు దాపరికం ఏమీ లేకుండా చెప్పాడు, ఈ వయసులో కోస్తే నలుగురిలో ఒకరు లేచి కూర్చుంటారు, కొయ్యకపోతే రెండు మూడు వారాలు, నొప్పి తెలియకుండా మేం చూసుకుంటాం, ఇంటికి తీసుకెళ్ళినా సరే, అని, అప్పుడు అల్లుడు పెద్దాయన ముఖంలోకి చూశాడు, ఇప్పుడు నవ్వుతాడు, ఆ తావో మాట ఏదో ఒకటి అంటాడు, పదరా అల్లుడూ ఇంటికి పోదాం అని లేస్తాడు, అని ఎదురుచూశాడు, పెద్దాయన డాక్టరు తెల్లకోటు అంచు పట్టుకున్నాడు, రెండు చేతులతోనూ, కోయండి బాబూ, ఎన్ని కోతలైనా కోయండి, ఇంటికి మాత్రం పంపకండి అన్నాడు, ఆ గొంతు అల్లుడు ఎన్నడూ విన్న గొంతు కాదు, బేరం తెగని చోట ఇంకాస్త ఇంకాస్త అని గీరే గొంతు, డాక్టరు మెల్లగా వేళ్ళు విడదీసుకుని వెళ్ళిపోయాడు, అల్లుడికి తల కొట్టేసినట్టయింది, సిగ్గు ఎవరి కోసమో తెలియదు, ఆయన కోసమా, ఆయన మాటలు ఆరేళ్ళుగా మోస్తున్న తన కోసమా, మందుల వాసన, పక్క మంచం రోగి దగ్గు, కిటికీ అద్దానికి కొట్టుకుంటున్న ఈగ, వీటన్నిటి మధ్యా నిలబడి తనకి ఒకటే అనిపించింది, మోసపోయాను, నమ్మించి గొంతు కోశాడు ఈ ముసలాడు, అని.

తావో, ఆ ముక్క సెలూన్లోకి తెచ్చింది భూగోళం చెప్పే పాత పంతులుగారు, ఆదివారం ఆదివారం గడ్డానికి వచ్చేవారు, ఎప్పుడో చైనాలో పాతకాలపు జ్ఞానులు చెప్పారోయ్, తావో అంటే దారి, అన్నీ ఆ దారినే వస్తాయి, ఆ దారినే పోతాయి, అడ్డం పడేవాడికే దెబ్బ, అని కుడి చెంపకు కొంచెం ఎడమ చెంపకు కొంచెం చొప్పున చెప్పి పోయేవారు, పంతులుగారు పోయారు గానీ మాట పెద్దాయన దగ్గర ఉండిపోయింది, ఉండిపోవడమే కాదు, ఆయన నోట్లో పడి నూనె పట్టించిన కత్తెరలా ఆడింది, వెంట్రుక మొలిచేటప్పుడు నిన్ను అడిగిందా నాయనా, రాలేటప్పుడు ఎందుకు అడుగుతుంది, అనేవాడు బట్టతల వచ్చిందని ఏడ్చే కుర్రాడితో, పోయేదాన్ని పట్టుకుంటే అది ఆగదు, నీ చెయ్యి నొప్పెడుతుంది, అనేవాడు పెళ్ళాం పోయి వచ్చి కూర్చున్న టైలరుతో, చావు కొత్తగా వచ్చేదేం కాదు, పుట్టినరోజే మనతోపాటు సెలూన్‌కి వచ్చి బెంచీ మీద కూర్చుంది, తన వంతు కోసం పేపరు చదువుకుంటోంది, అంతే, అనేవాడు, బెంచీ మీద పేపరు చదువుకుంటున్న మనిషి ఉలిక్కిపడి పేపరు మడిచేవాడు, అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు, అల్లుడు నవ్వేవాడు కాదు, డిగ్రీ రెండుసార్లు తప్పి, ఎక్కడా ముఖం చెల్లక ఆ సెలూన్ మెట్లెక్కినవాడు, అతనికి ఆ మాటలు నవ్వులాట కావు, ఒక్కొక్కటీ దాచుకున్నాడు, ఇదిగో ఈ ఎడమ చెంప మీద వెంట్రుకలు కిందికి కాక చెవి వైపుకి పడుకుంటాయని, కత్తి అటే పోనివ్వాలని నేర్పింది కూడా ఈ మనిషే, తన చెంపే ఇచ్చి నేర్పాడు, తెగితే తెగింది కానీయరా అన్నాడు, అట్లాంటి మనిషి మాటను ఎవడు మాత్రం నమ్మడు.

నమ్మాడు కాబట్టే గదా ఆరేళ్ళ కిందట ఆ పని చేశాడు, భార్యకు రొమ్ములో పుట్టిన జబ్బు ఎముకలకు పాకింది, రెండుసార్లు మందు ఎక్కించారు, జుట్టు పోయింది, గోళ్ళు నల్లబడ్డాయి, మూడోసారి ఎక్కిద్దాం, ఇంకో ఐదారు నెలలు రావచ్చు, అన్నాడు అప్పటి డాక్టరు, అల్లుడు కళ్ళలో వత్తులు వేసుకుని ఆ ఐదారు నెలల కోసమే చూస్తున్నాడు, అప్పుడు ఈ పెద్దాయనే సెలూన్ వెనక గదిలోకి పిలిచాడు, పాత కుర్చీలు, చిరిగిన మెత్తలు, తుడిచి పోగుచేసిన జుట్టు సంచుల మధ్య నిలబెట్టి చెప్పాడు, వద్దురా, దాని దారిన దాన్ని పోనీ, నువ్వు పట్టుకుంటున్నది దాన్ని కాదు, నీ భయాన్ని, అన్నాడు, కన్నతండ్రి ఆ మాట అంటే ఇంక మొగుడు ఏమంటాడు, గుండె రాయి చేసుకుని మందు మాన్పించాడు, నలభై మూడు రోజులకు ఆమె పోయింది, మధ్యాహ్నం పూట, కిటికీ పక్కన, నెమ్మదిగా, నేను పోనిచ్చాను అనుకున్నాడు, బాధలో కూడా ఎక్కడో ఒక మూల ఒక పెద్దరికం, నేను గొడవపెట్టలేదు, అడ్డం పడలేదు, పోనిచ్చాను, అని, కన్నకూతురు మాత్రం పెళ్ళై వెళ్ళిన ఇంటి నుంచి వచ్చి నిలబడి ఒకటే అడిగింది, నాన్నా అమ్మను అడిగావా, అని, తాతయ్య చెప్పాడమ్మా, అన్నాడు, తాతయ్యను కాదు నాన్నా నేనడిగేది, అమ్మను అడిగావా, అంది, అడగలేదు, ఎట్లా అడుగుతారు, చస్తావా అని ఎవరు అడుగుతారు, ఆ రోజు నుంచి ఆ పిల్ల గడప తొక్కలేదు, ఫోన్లో బాగున్నావా అంటే బాగున్నాను, అంతే, ఆరేళ్ళు, కూతుర్ని పోగొట్టుకుని మరీ ఆ మాటను నిలబెట్టుకున్నాడు, ఆ మాట అన్నవాడేమో డాక్టరు కోటు పట్టుకుని వేలాడుతున్నాడు.

ఎడమ చెంప అయింది, ముక్కు గొట్టానికి వేసిన టేపు చుట్టూ కత్తి జాగ్రత్తగా తిప్పాడు, కుడి చెంప మీద కత్తి రెండుసార్లు నడిచింది, నర్సమ్మ వచ్చి తాతగారూ పెళ్ళికొడుకులా తయారవుతున్నారే, సంతకం అయిందా బాబాయ్, అడిగింది, అవుతుందమ్మా అన్నాడు, ఆ అవుతుంది అన్న మాట విని పెద్దాయన ఒక కన్ను తెరిచి చూశాడు, ఆ ఒక్క కన్నులో ఆశ, అది చూడగానే అల్లుడికి ఒళ్ళు మండింది, తువ్వాలు అంచుతో కత్తి తుడిచి, వంగి, చెవి దగ్గర అన్నాడు, మావయ్యా, పోయేదాన్ని పట్టుకుంటే చెయ్యి నొప్పెడుతుందన్నావే, నీకు నొప్పెట్టట్లేదా, నీ కూతురికి నలభై ఏడేళ్ళు, దానికి ఐదారు నెలలు ఎక్కువన్నావు, నీకు ఎనభై ఒకటి, నీకు ఇంకా కావాలా, దాని దారి వేరు నీ దారి వేరా, అన్నాడు, గొంతు పెంచలేదు, పక్క మంచం మనిషికి ఏదో ఇంటి విషయం అనిపించేట్టే అన్నాడు, పెద్దాయన కళ్ళు రెండూ మూసుకున్నాడు, మూసిన రెప్పల కింద గుడ్లు కదులుతున్నాయి, దొరికిపోయాడు, ఈ కాగితం మీద సంతకం పెట్టను గాక పెట్టను, గడ్డం గీసి తువ్వాలు దులిపి, ఇంటికి తీసుకుపోతున్నామని ఆ పిల్లకు చెప్తాను, తన మాట తనకే అప్పగిస్తాను, రెండు మూడు వారాలు ఆ మాట పక్కన పెట్టుకుని పడుకోమంటాను, ఆ కిటికీ పక్కనే మంచం వేస్తాను, అప్పుడు తెలుస్తుంది, అనుకుంటూ గడ్డం కింద వేళ్ళు పెట్టి తల పైకెత్తాడు, గొంతు బయటపడింది, కోడి మెడలా, ముడతలు ముడతలుగా, చర్మం సాగదీసి పట్టుకుంటే తప్ప కత్తి నడవదు.

గొంతు మీద కత్తి ఉన్నంతసేపూ గీసేవాడు మాట్లాడకూడదు, గీయించుకునేవాడు మాట్లాడకూడదు, సెలూన్లో పెద్దాయన పెట్టిన కట్టుబాట్లలో మొదటిది ఇదే, రేడియో కూడా కట్టేయించేవాడు, ఒకసారి ఎవరో పెద్దమనిషి గొంతు గీస్తుండగా ఫోను ఎత్తి హలో అన్నాడని కత్తి మడిచి పక్కన పెట్టాడు, సగం గడ్డంతోనే లేపి పంపాడు, ఆయన పెళ్ళికి పోవాల్సినవాడు, చెంపకు రుమాలు అడ్డం పెట్టుకుని పోయాడట, అంతటి కట్టుబాటు పెట్టిన మనిషి, కత్తి గొంతు ముడి దగ్గరికి వచ్చేసరికి, గొట్టం ఉన్న చేత్తోనే అల్లుడి మణికట్టు పట్టుకున్నాడు, కత్తి తియ్యకు, అన్నాడు, కత్తి కింద గొంతు కదిలింది, తీస్తే నువ్వు మాట్లాడతావు, నువ్వు మాట్లాడితే నేను చెప్పలేను, ఇట్లాగే ఉండు, అన్నాడు, అదే నన్ను అడిగింది రా, నాన్నా ఇంక నా వల్ల కాదు, మూడోసారి ఆ మందు నా ఒంట్లోకి రానివ్వను, ఆయనకు నేను చెబితే కాళ్ళ మీద పడతాడు, కాళ్ళ మీద పడితే నేను ఒప్పుకుంటాను, నువ్వు చెప్పు, నీ మాటంటే ఆయనకు వేదం, నీ చైనా కబుర్లు చెప్పు, అంది, నేను వద్దన్నాను, నాకు మూడోసారి కాదు, పదోసారైనా ఎక్కించాలనే ఉంది, నా బిడ్డ, అది నా చెయ్యి దాని నెత్తిన పెట్టుకుని ఒట్టు వేయించుకుంది, ఆయనకు చెప్పకూడదని కూడా, ఆ వెనక గదిలో నేను నీకు చెప్పింది నా మాట ఒక్కటి లేదు, అంతా అది చెప్పమన్నదే, తావో నాకేం తెలుసురా, బతికున్నవాళ్ళ గడ్డాలు గీస్తూ చెప్పడానికి బాగుండేది, చెప్పాను, అది పోయినరోజు నుంచి ఆ మాట నా నోట మళ్ళీ రాలేదు, నువ్వు చూడలేదు, అల్లుడూ, నాకు భయంగా ఉంది.

కత్తి ఎప్పుడు తప్పిందో తెలియదు, గొంతు ముడి పక్కన సన్నగా, వెంట్రుకవాసి ఎర్రగీత, తర్వాత ఒక చుక్క, నురుగులో గులాబీరంగు, ముప్ఫై నాలుగేళ్ళలో ఈ గొంతు మీద పడిన మొదటి గాటు, పటిక ముక్క తడిపి అద్దాడు, ఇద్దరూ కలిసి, తండ్రీ కూతురూ కలిసి, నా ఇంట్లో, నా మంచం మీద, నాకొక్కడికే తెలియకుండా, నన్ను తోలుబొమ్మను చేసి ఆడించారు, ఆవిడ లోపల కూర్చుని మాట రాసి పంపింది, ఈయన వెనక గదిలో చదివాడు, నేను ఆ మాట పట్టుకుని, దేవుడా, ఆ మాట పట్టుకుని మళ్ళీ ఆవిడ దగ్గరికే పోయాను, అవును, పోయాడు, ఆ సాయంత్రమే మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఎంతో పెద్దవాడిలా గొంతు సవరించుకుని, చూడవే, అన్నీ దారిన వస్తాయి దారిన పోతాయి, పట్టుకుంటే మన చెయ్యే నొప్పెడుతుంది, అని మొదటి నుంచి చివరి దాకా ఒప్పజెప్పాడు, ఆమె దిండు మీద తల పక్కకు తిప్పి అంతా విన్నది, బాగా చెప్పావయ్యా, ఇంకోసారి చెప్పు, అన్నది, చెప్పాడు, రెండోసారి ఇంకా బాగా చెప్పాడు, ఆమె పెదవి కొరుక్కుంది, ఏడుపు ఆపుకుంటోందని అనుకున్నాడు, నవ్వు ఆపుకుందేమో, తనేమిటో, తన బుర్రేమిటో, ఎన్నేళ్ళు కాపురం చేసినా పెళ్ళాం ముఖం చదవడం రాలేదు, గడ్డం తీరు మాత్రం గది అవతల నుంచే చెప్పగలడు, మందు మానేశాక నెత్తి మీద మళ్ళీ జుట్టు మొలిచింది, పిచ్చుకపిల్ల మీద నూగులా, రోజూ పొద్దున్నే అతని వేళ్ళు తీసుకుని నెత్తి మీద పెట్టించుకునేది, ఎంత వచ్చిందో చూడు, నువ్వు మాత్రం కత్తెర తేకు, అనేది, అంగుళం దాకా వచ్చింది, అది ఆమె ఎంచుకున్న అంగుళమని ఎవరు చెప్పారు తనకు, మందు మానడం తన త్యాగం అనుకున్నాడే, ఆమె కోరిక అని ఎవరు చెప్పారు.

అబద్ధం చెప్పావు, అన్నాడు చివరికి, చెప్పాను, అన్నాడు పెద్దాయన, ఆరేళ్ళు నా ముఖం చూస్తూ, ఆరేళ్ళు చూస్తూనే, నా కూతురు నన్ను వదిలేసింది, తెలుసు, అయినా నోరు తెరవలేదు నువ్వు, ఒట్టు రా, అన్నాడు, ఒట్టట, పిల్ల గడప తొక్కని ఇన్నేళ్ళూ తన పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు, చేతిలో కత్తి, జేబులో కాగితం, ఒక్క క్షణం ఈ ముసలాడిని ఇక్కడే ఇట్లాగే సగం గడ్డంతో వదిలేసి మెట్లు దిగిపోవాలనిపించింది, దిగలేదు, అడగాలనుకోని మాట ఒకటి నోట్లోంచి వచ్చింది, దానికి భయం వెయ్యలేదా మావయ్యా, అన్నాడు, ఎందుకడిగాడో తెలియదు, తను ఎరిగిన ఆ నలభై మూడు రోజుల్లో ఆమె ఒక్కసారి కూడా భయపడలేదు, అదొక్కటైనా నిజమని వినాలనేమో, వేసింది రా, అన్నాడు పెద్దాయన, రోజూ వేసింది, నువ్వు సెలూన్‌కి వెళ్ళాక నన్ను పిలిపించుకునేది, నా వేలు పట్టుకుని ఏడ్చేది, చిన్నప్పుడు బడికి పోనని ఏడ్చినట్టే, మందు ఎక్కిద్దామా తల్లీ అనేవాణ్ణి, తల అడ్డంగా ఊపేది, ముఖం కడుక్కుని, నువ్వు భోజనానికి వచ్చే వేళకి కూర్చునేది, అన్నాడు, అని, నాకు ఆ ముఖం కడుక్కోవడం చేతకావట్లేదు, అన్నాడు.

అయితే భయం కూడా ఆ దారిలోదే, అది లేకుండా ఎవరూ పోలేదు, ధైర్యంగా పోయింది అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు తను, ఎంత అన్యాయం ఆమెకు, ఆమె ఏడుపును కూడా లేకుండా చేశాడు, ఆమె ఎవరి దగ్గరైతే ఏడ్చిందో ఆ మనిషి ఇప్పుడు ఏడవడానికి ఇంకెవరూ లేక డాక్టరు కోటు పట్టుకున్నాడు, క్షమించాడా అంటే లేదు, ఆ మోసం మోసమే, అన్నం ముద్దలో రాయిలా అది ఇప్పటికీ పళ్ళ కింద తగులుతూనే ఉంది, ఆమె మీద కూడా కోపం తగ్గలేదు, నేను కాళ్ళ మీద పడతానని ముందే ఎందుకు తేల్చేశావే, అని అడగాలని ఉంది, పడేవాడే, అది తనకీ తెలుసు, పడి, ఆమెను ఒప్పించి, మూడోసారి మందు ఎక్కించి, ఇదిగో ఇట్లాంటి మంచం మీద, ఇట్లాంటి గొట్టాల మధ్య, ఆ అంగుళం జుట్టు కూడా లేకుండా పంపేవాడు, ఆమె వద్దనుకున్నది అదే, ఈయన కావాలనుకుంటున్నది అదే, ఒకరి కోరిక తెచ్చి ఇంకొకరికి తొడుగుదామని కూర్చున్నాడు తను, అదీ శిక్షగా, జేబులోంచి కాగితం తీశాడు, మడతలు విప్పి మందుల బల్ల మీద పరిచాడు, కలం కోసం తడుముకుంటే నర్సమ్మ తనది ఇచ్చింది, సంతకం పెట్టాడు, బొటనవేలి నురుగు అక్షరం చివర అంటుకుంది, కాగితం పాడుచేశావు బాబాయ్, అంది, ఆరిపోతుందిలే, అన్నాడు, లేస్తానంటావా, అని పెద్దాయన అడిగాడు, నర్సమ్మను కాదు, తనను, మొదటిసారి తన మాటకు విలువిచ్చి అడిగినట్టు, తెలియదు మావయ్యా, అన్నాడు, పోతే పోతాననేనా, పోతే పోతావు, భయంగా ఉందిరా, ఉండనీ, నేనిక్కడే ఉంటాను, తల కదపకు, ఇంకా కుడివైపు ఉంది.

చక్రాల మంచం వచ్చేసరికి గడ్డం పూర్తయింది, తువ్వాలుతో చెవుల వెనక తడి ఒత్తాడు, ఇద్దరు మనుషులు వచ్చి ఒకటి రెండు మూడు అని పెద్దాయన్ని దుప్పటితో సహా ఎత్తి మార్చారు, ఎంత తేలిక, వరండాలో ఆ చక్రాల పక్కనే నడుస్తున్నాడు, పెద్దాయన అతని చూపుడు వేలు పట్టుకుని ఉన్నాడు, కూతురికి ఫోను చెయ్యాలి, అడిగావు గదమ్మా, నేను అడగలేదు, అమ్మే చెప్పిందట, నాకు చెప్పలేదు, అని ఉన్నదున్నట్టు చెప్పాలి, వింటే వింటుంది లేకపోతే లేదు, తలుపు దగ్గర మీరిక్కడే ఆగాలి అన్నారు, ఆగాడు, వేలు ఆయన వదిలాడో వీళ్ళు లాగారో తెలియలేదు, మంచం లోపలికి పోయింది, తలుపు రెక్కలు రెండుసార్లు ఊగి ఆగాయి, ఆపిందీ తను కాదు, పంపిందీ తను కాదు, అనిపించింది, ఆ సంతకం ఉన్నా లేకపోయినా ఆ ముసలి ఒంట్లో జరగాల్సింది ఏదో జరుగుతూనే ఉంది, నిన్నా ఉంది, ఆరేళ్ళ కిందటా ఉంది, పోనిచ్చాను పోనిచ్చాను అని ఇన్నాళ్ళూ దేన్ని మోశాడు తను, ఒకసారి పాపంలా, ఒకసారి పుణ్యంలా, పోనివ్వడానికి ఆమె తన చేతిలో ఎప్పుడుంది గనక, ఆమె ఏడ్చి, ముఖం కడుక్కుని, జుట్టు తడుముకుని, తన చావు తనే చచ్చింది, ఎవరూ ఆమెను పోనివ్వలేదు, ఆమే వెళ్ళింది.